స్నానానికి ముందు, స్నానం తర్వాత

ఆసుపత్రిలో ఆవిడ పని రక్తం తీయడం. నరం దొరకని ముసలివాళ్ళనీ, సూది చూస్తేనే కళ్ళు తేలేసేవాళ్ళనీ కబుర్లలో పెట్టి, వాళ్ళు తేరుకునేలోగా పని కానిచ్చేసేది. అందుకే అందరూ సూదమ్మ అనేవారు. మొదట్లో ఆ పేరు ఆవిడకు ఒళ్ళుమంట. తర్వాత్తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, పక్కవాళ్ళనేమోనని తిరిగి చూసేది.

కుళాయి నీళ్ళ మీద పరిశోధన చేసే బృందం ఒకటి వచ్చి, చెయ్యి తిరిగిన మనిషి కావాలని అడిగినప్పుడు పెద్ద డాక్టరు మారుమాట లేకుండా సూదమ్మను అప్పగించాడు. బృందాన్ని నడిపే మేడం మొదటిరోజే ఆవిడను కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పింది.

“రిజర్వాయరు నీళ్ళలో కుళ్ళిన ఆకుల సారం ఉంటుందమ్మా. క్రిములు చావడానికి మనం వేసే క్లోరిన్ దాంతో కలిసి కొత్త రసాయనాలు పుడతాయి. అలాగని క్లోరిన్ మానేస్తే ఊరు ఊరంతా వాంతులూ విరేచనాలతో మంచమెక్కుతుంది. మానడానికి లేదు. మరి అవి మనుషుల ఒంట్లోకి ఎంత చేరుతున్నాయి? అది కొలవాలి.”

“తాగే నీళ్ళతోనే కదండీ చేరేది?”

“అదే చిక్కు. వేడినీళ్ళ స్నానం చేస్తే ఆవిరితో పాటు ఊపిరిలోకీ పోతాయి, చర్మంలోంచీ పోతాయి. అందుకే స్నానానికి ముందోసారి, అవగానే ఓసారి రక్తం తీయాలి. అవగానే అంటే అవగానే. జాగు చేస్తే రక్తంలోంచి జారిపోతాయి.”

అలా పరాయి ఇళ్ళలో స్నానాల గదుల బయట కాపలా కాసే ఉద్యోగం మొదలైంది. ముందు కుళాయి నీళ్ళు చిన్న సీసాలో నింపేది. బుడగ మిగలకూడదు కాబట్టి మూత బిగించి, తలకిందులు చేసి, వెలుతురుకు పెట్టి చూసేది. తర్వాత ఒక సూది. ఆ తర్వాత గడియారం చూసుకుంటూ తలుపు దగ్గర కుర్చీ. లోపల ఒక రిటైరైన పోస్టుమాస్టరు గొంతెత్తి పాడేవాడు. ఒక బేకరీ యజమాని పనివాళ్ళ మీద అరవాల్సినవన్నీ అక్కడే అరిచేవాడు. టైము కాగానే సూదమ్మ తలుపు తట్టేది.

“ఇంకా బట్టలేసుకోలేదమ్మా!” అని లోపలినుంచి కేక.

“బట్టలతో నాకేం పని? చెయ్యొక్కటి బయటపెట్టండి, చాలు!”

సందులోంచి తడిచెయ్యి ఒకటి బయటికొచ్చేది. మొహాలు మర్చిపోయినా ఆ చేతులు మాత్రం ఆవిడకు గుర్తుండిపోయాయి. ఇంటికొచ్చి ఇవన్నీ అభినయించి చెబితే చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె నవ్వి చాలాకాలమైంది కనుక సూదమ్మ లేనివి కూడా కల్పించి చెప్పేది.

చెల్లెలు వెనక వీధిలోనే ఉంటుంది. దర్జీ పని. రెండుసార్లు కడుపు పోయింది, రెండోసారి బాగా నెలలు గడిచాక. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, కారణం ఫలానా అని చెప్పలేమన్నారు. బస్సు డిపోలో మెకానిక్కుగా ఉన్న భర్త నెమ్మదస్తుడు, పల్లెత్తు మాట అనలేదు. అననందుకే ఆమె ఇంకా కుమిలిపోయింది.

ఒకరోజు కబుర్ల మధ్యలో సూదమ్మ నోరు జారింది. ఈ రసాయనాలకూ గర్భం పోవడానికీ సంబంధం ఉందేమోనని కొందరికి అనుమానమట, తేలలేదట అంది. చెల్లెలి చేతిలో కత్తెర ఆగిపోయింది.

“అయితే నీళ్ళ వల్లన్నమాట.”

“తేలలేదన్నాను కదే.”

“అక్కా, నా రక్తం కూడా తియ్యి.”

సూదమ్మ ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఇవాళ తీసిన రక్తం ఇవాళ్టి నీళ్ళ సంగతే చెబుతుంది, రెండేళ్ళ కిందటి సంగతి చెప్పదే తల్లీ అంది. సరే, తియ్యి అంది చెల్లెలు. మేడం కూడా అదే మాట చెప్పి, ఇష్టపడి వచ్చే వాళ్ళను కాదనలేక చేర్చుకుంది, అంకె ఎంతొచ్చినా తనకి చెబుతానని మాటిచ్చింది. సూది మాత్రం సూదమ్మే పొడవాలని చెల్లెలి పట్టు.

ఆ ఉదయం మొదటి రక్తం తీసుకుని, ఎప్పుడూ చేసినట్టే స్నానం చేసి రావాలని చెప్పి పంపింది. గొళ్ళెం పడింది. నీళ్ళ చప్పుడు మొదలైంది. కాసేపటికి తలుపు కింద సందు చీకటైంది. లోపలినుంచి తువ్వాలు కుక్కినట్టుంది. టైము అయ్యింది. సూదమ్మ తలుపు తట్టింది.

“అయిపోయిందే, రా.”

వేడినీళ్ళ హోరు ఇంకా పెరిగింది. గోడకు ఆనించిన చేతికి వేడి తగిలింది. అప్పుడు అర్థమైంది సూదమ్మకు. చెల్లెలు లోపల నిలబడి ఆ ఆవిరినంతా గుండెల నిండా పీలుస్తోంది. అంకె ఎక్కువ రావాలని కోరుకుంటోంది.

“పిచ్చిదానా, తలుపు తియ్యి! తియ్యకపోతే మీ ఆయన్ని పిలుస్తాను!”

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆవిరి మధ్యలోంచి ఎర్రగా కందిపోయిన చెయ్యి బయటికొచ్చింది. మొహం కనపడలేదు. ఎన్ని వందల చేతులకు సూది వేసిందో, ఆ చేతికి మాత్రం రెండుసార్లు పొడవాల్సి వచ్చింది.

జరిగింది దాచుదామా అని దారంతా ఆలోచించింది. దాచలేకపోయింది. మేడం విని ఆ రక్తం సీసాను విడిగా పెట్టింది.

“లెక్కలో వెయ్యలేను. కానీ కొలిచి తనకి చెబుతాను. మాటిచ్చాను కదా.”

ఫలితాలు వచ్చాక మేడం చెల్లెల్ని స్వయంగా పిలిపించుకుంది. పక్కన సూదమ్మ ఉంది. అంత ఆవిరి పీల్చినా అంకె అందరిలాగే ఉంది. ఆ వారం నీళ్ళలోనే ఆ రసాయనాలు తక్కువున్నాయి. పోస్టుమాస్టరుకు ఇంకా ఎక్కువే వచ్చింది.

“ఒక్క మనిషిని పట్టుకుని ఇదే కారణం, ఇది కాదు అని మేం చెప్పలేం. వేలమందిని కలిపి చూస్తే ఏమైనా తెలియొచ్చు. అప్పుడైనా గట్టిగా చెప్పలేకపోవచ్చు,” అంది మేడం.

చెల్లెలు తలూపి లేచింది. మెట్లు దిగుతూ నెమ్మదిగా అంది: “అంటే లోపం నాలోనే ఉంది.”

“ఆవిడ అలా అనలేదే!”

“ఇంకెలా అంటారక్కా? నీళ్ళు కాకపోతే ఇంకెవరు?”

ఆ ఫలితం విని చెల్లెలు ఊపిరి పీల్చుకుంటుందనుకుంది సూదమ్మ. తీరా చూస్తే, ఆమె పట్టుకుని వేలాడుతున్న కొమ్మను తనే నరికినట్టయింది.

తర్వాత చెల్లెలు రావడం తగ్గించింది. వెళితే మిషను తొక్కుతూనే మాట్లాడేది, తలెత్తేది కాదు. మెకానిక్కు ఒకసారి వీధి చివర నిలబెట్టి, “వదినా, తను వంటింట్లో తలుపులన్నీ మూసి నీళ్ళు మరిగించి, ఆ ఆవిరిలోనే కూర్చుంటోంది. అడిగితే ఏం లేదంటోంది,” అన్నాడు. సూదమ్మ ఆ పూటే వెళ్ళి ఏమీ అడక్కుండా కిటికీ తలుపులు బార్లా తెరిచింది. తిట్టాలనుకుంది, ఏడ్చింది. చెల్లెలు కూడా ఏడ్చింది.

పరిశోధన ముగిసింది. తాగడంకన్నా మూసిన గదుల్లో పొడుగు స్నానాలవల్లే ఒంట్లోకి ఎక్కువ చేరుతోందని తేలింది. ఫిల్టర్లు మార్చి, ఆకుల సారాన్ని ముందే తీసేశాక క్లోరిన్ వెయ్యమని నీటి శాఖకు సిఫారసు చేశారు. ఆ పని కొంత జరిగింది, కొంత ఆగింది. గర్భాల సంగతి మాత్రం ఏదీ తేలకుండానే మిగిలిపోయింది. సూదమ్మ మళ్ళీ వార్డుకు వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు తనంతట తానే వచ్చింది. సూదమ్మ బఠాణీలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకుంది.

“మేమింక ప్రయత్నించదల్చుకోలేదక్కా. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం.”

“ఆయన ఏమన్నాడు?”

“నువ్వుంటే చాలన్నాడు.” ఒక కాయ చీల్చింది. “ఎందుకిలా జరిగిందని నన్నింక అడక్కండి. నువ్వూ, ఆయనా, ఎవరూ. నేనూ నన్ను అడగను. అడక్కుండా ఉండడం నేర్చుకుంటున్నాను.”

సరే అంది సూదమ్మ. ఒలవాల్సిన కాయల్లో సగం ఆమె ముందుకు నెట్టింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఒలుస్తూనే కూర్చున్నారు.