సదాపమొక్కకు అంటిన మట్టి

గలాపగోస్ దీవుల్లో మనిషి అడుగు పడని ప్రకృతి ఉందని కరపత్రాలన్నీ రాస్తాయి. పడని ఆ అడుగును చూడటానికి ఏటా ఎంతోమంది బూట్లేసుకుని దిగుతారు, ఆ మాటేమిటని ఎవరూ అడగరు. వాళ్ళకు మూడుపూటలా వండిపెట్టేవాళ్ళ సంగతి అసలే అడగరు.

ఎతెల్వీనా మసాకీసా యాత్రికులను దీవులకు తిప్పే పడవ ఒకదానిలో వంటమనిషి. వాళ్ళ అమ్మానాన్నలు సముద్రం అవతలి సలసాకా కొండల నుంచి రాళ్ళు కొట్టే పనికి శాంతాక్రూజ్ దీవికి వచ్చినవాళ్ళు. ఆమె పుట్టింది, పెరిగింది ఇక్కడే. అయినా దూరపు దీవులు వేటిమీదా ఆమె కాలు పెట్టలేదు. వంటగదిలో ఉన్న గుండ్రటి కిటికీలోంచి కాస్త నీలం, కాస్త నల్లరాయి, ఎప్పుడైనా ఒక రెక్క కనిపిస్తే అదే ఆమెకు దీవి.

దిగనివ్వక కాదు. సముద్రమంటే చచ్చేంత భయం. పెద్ద పడవనైతే ఎలాగో నేల అనుకుని నమ్మించుకుంది. ఒడ్డుకు వెళ్ళే రబ్బరు పడవను చూస్తే మాత్రం అడుగు వెనక్కి పడేది. వంట తప్ప మరో పని రాదు, ఒడ్డున ఉన్న హోటళ్ళలో ఇంత జీతం రాదు. కనుక ఏళ్ళ తరబడి భయపడుతూనే వండింది. బాగానే వండింది.

భయాన్ని సలసాకావాళ్ళు తేలిగ్గా తీసుకోరు. అది ఒంట్లో దూరే జబ్బు. జడుసుకున్నవాళ్ళకు తిండి సహించదు, నిద్ర పట్టదు, పట్టించుకోకపోతే చిక్కి చిక్కి పోతారు. సదాపాకుతో తలనుంచి కాళ్ళదాకా దిగదుడిస్తే జడుపు ఆకులోకి దిగుతుందని నమ్మకం. ఎతెల్వీనా తలగడ కింద ఎప్పుడూ ఒక రెమ్మ ఉండేది. కిందటి ప్రయాణంలో గాలివాన పట్టుకున్నాక మనిషి సగమైంది. అమ్మ చూసి ఊరుకోలేదు.

"కోసిన రెమ్మ చచ్చిన ఆకు కదే! చచ్చింది జడుపునేం లాగుతుంది?" అంది. పెరట్లోంచి ఒక మొక్కను వేళ్ళతో పెకలించి, గుప్పెడు మట్టితో తడిగుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది.

"ఒక దీవి మట్టి మరో దీవికి తీసుకెళ్ళకూడదమ్మా. తనిఖీ ఉంటుంది."

"నీ పావడా కింద తనిఖీ చేస్తారా?"

చెయ్యలేదు. ఎంతో ఓపిగ్గా బూట్ల అడుగులు తోమించారు, సంచుల జిప్పుల్లో గింజలేమైనా ఉన్నాయేమోనని వెతికారు. ఎతెల్వీనా నల్ల ఉన్నిపావడాలో గుడ్డమూట వెచ్చగా దాక్కుంది. తప్పు చేస్తున్నానని ఆమెకు తెలుసు. గుప్పెడు మట్టే కదా అనీ అనుకుంది.

మొక్క ఆమె గది చీకట్లో వాడిపోసాగింది. శాంతాక్రూజ్‌కు పడమటి వైపు నాలుక్కోసుల దూరంలో, పడవలవాళ్ళు ల మూదా, అంటే మూగది, అని పిలిచే చిన్న దీవి దగ్గర లంగరు వేశారు. ఆ ఉదయం ఆమె మొక్కను తీసుకెళ్ళి వెనక డెక్కు మీద ఉన్న తువ్వాళ్ళ పెట్టెలో, ఎండ పడే మూల పెట్టింది. తువ్వాళ్ళు ఉతికేది ఆమే. మరొకరు ఆ పెట్టె తెరవరని ధీమా. కానీ యాత్రికులు ఈతకు వెళ్తున్నారని గైడు ఫౌస్తో పైనున్న తువ్వాళ్ళన్నీ సంచిలో కుక్కుకుని ఒడ్డుకు వెళ్ళిపోయాడు. ఎతెల్వీనా అప్పుడు కింద వంటగదిలో సాంగో అనే చేపల వంటకం కోసం పచ్చి అరటికాయలు తురుముతోంది.

మొక్కకు నీళ్ళు పోద్దామని వెళ్ళి పెట్టెలో చెయ్యి పెట్టింది. మణికట్టు మీద నిప్పురవ్వ పడ్డట్టయింది.

చూడకుండానే తెలిసింది, ఎర్రచీమ. చిన్నప్పుడు కాఫీతోటలో చొక్కా చేతులు తాళ్ళతో బిగించి కట్టుకుని పనిచేసింది ఈ చీమల భయంతోనే. నువ్వుగింజంత ఉండదు, ఎర్రగా, నెమ్మదిగా కదులుతుంది. అమ్మ కోళ్ళకు చూపు పోయింది వీటివల్లే. కళ్ళ మీదికే పాకేవి. మిగిలిన తువ్వాలు అంచున ఒకటి, మరొకటి, గుడ్డమూట చుట్టూ ఇంకొన్ని. సంచిలోకి ఎన్ని వెళ్ళాయో, వాటిలో గుడ్లు పెట్టే రాణి చీమ ఉందో లేదో దేవుడికెరుక.

ల మూదా మీద ఈ చీమ లేదు. ఇగువానా అనే పెద్దబల్లుల పిల్లలు గుడ్లు చీల్చుకుని ఇసకలోంచి బయటికి వచ్చే కాలం. ఫౌస్తో రాత్రి భోజనాల దగ్గర యాత్రికులకు అదే చెప్పాడు. ఆమె పళ్ళేలు తీస్తూ విన్నది.

ఎతెల్వీనా కెప్టెన్ గదికి వెళ్ళింది. అందరూ దోన్, అంటే అయ్యగారు, అని పిలిచే లియోనీదాస్ పెద్దమనిషి, ఎప్పుడూ తలనొప్పితో ఉండే మనిషి. మొత్తం విన్నాడు. లేచి తలుపు వేశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు దోన్."

"మంచిపని చేశావు. ఆ మొక్కను సముద్రంలో పారెయ్. నోరు మూసుకుని అరటికాయలు తురుముకో."

"సంచి ఒడ్డు మీదుంది దోన్. తువ్వాళ్ళు ఇసకలో పరిస్తే..."

"పరిస్తే ఏమవుద్దీ? ఉప్పుకి చస్తాయి. నాలుగు చీమలకి ఇంత గోలా? ఈ సంగతి బయటపడితే ఈ పడవ మళ్ళీ రేవు దాటదు. పన్నెండు మంది పొట్టలు కొడతావా? ముందు నీ పొట్ట."

ఆ మాట అబద్ధం కాదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చీమలు పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పటికి ఈ దీవికి వచ్చిపోయిన పడవలెన్నో. ఎవరి పాపమో ఎవరు తేల్చగలరు? భయం అంత చక్కగా ఆలోచిస్తుంది.

"అలాగే దోన్," అని బయటికొచ్చింది. గుమ్మం పక్కన కొక్కేనికి వాకీటాకీ వేలాడుతోంది. చేతిలోకి తీసుకుంది. మీట నొక్కింది.

"ఫౌస్తో! తువ్వాళ్ళ సంచి విప్పకు. ఎర్రచీమలున్నాయి."

గరగరలోంచి ఫౌస్తో గొంతు వచ్చింది.

"ఏంటీ? మళ్ళీ చెప్పు."

చెప్పింది. మొక్క సంగతి, మట్టి సంగతి, పావడా సంగతి కూడా. లోపలినుంచి కెప్టెన్ తిట్టు వినిపించింది, అందులో వాళ్ళమ్మ కూడా ఉంది.

"సంచి ఇసకలోనే పెట్టాను కదే తల్లీ," అన్నాడు ఫౌస్తో. "మూతి కట్టే ఉంది. ఓ తువ్వాలు అంచు బయటికి వేలాడుతోంది. నీ దగ్గర వేరుశనగ ముద్ద ఉందా?"

"సాంగోలోకి నూరాను. ఉంది."

"వెదురుపుల్లలకు రాసి తీసుకురా. వాసనకు అవే ఎక్కుతాయి, ఉన్నాయో లేదో తేలుద్ది."

"ఎవరిచేతనైనా పంపిస్తా."

"ఎవరిచేతనో ఎందుకు? తెచ్చిందానివి నువ్వు, వచ్చి వెతికేదీ నువ్వే. ఆ చీమ ఎలా ఉంటుందో చూసిందానివి కూడా నువ్వే."

ఆమె రబ్బరు పడవలోకి ఎలా దిగిందో చూసినవాళ్ళు నవ్వుకున్నారు. నిచ్చెన మెట్టు మీద కూర్చుని, పుల్లల డబ్బాను కడుపుకు అదుముకుని, కళ్ళు మూసుకుని, దొర్లింది. పడవ నడిపేవాడు, "సెన్యోరా, కళ్ళు తెరిస్తే సముద్రం ఇంకాస్త చిన్నదవుద్ది," అన్నాడు. తెరవలేదు. ప్రతి అలకూ డబ్బాను ఇంకాస్త గట్టిగా అదుముకుంది. అలలకంటే ఒడ్డు దగ్గరవుతున్నందుకే ఎక్కువ భయమేసింది.

ఒడ్డున యాత్రికులను ఫౌస్తో నల్లరాతి మీద నిలబెట్టాడు. సంచిని పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూత బిగించాడు. పెద్ద టోపీ పెట్టుకున్న ఒకావిడ తువ్వాలు ఏదని అడుగుతుంటే, "ఎండే తువ్వాలు," అని జవాబిస్తున్నాడు. ఎతెల్వీనాను పలకరించలేదు. సంచి ఆనిన గుంటను చూపించాడు. దాని చుట్టూ ఇద్దరూ మోకాళ్ళమీద వంగి పుల్లలు గుచ్చారు.

ఇక ఎదురుచూడటం. అంత దగ్గరగా ఒక ఇగువానా పిల్లను ఆమె మొదటిసారి చూసింది. జానెడుంటుందేమో, కళ్ళచుట్టూ ఇంకా ఇసక అంటుకునుంది. ఆమెకు కోళ్ళ కళ్ళు గుర్తొచ్చి చూపు తిప్పుకుంది.

ఒక్కో పుల్లా తీసి తెల్లకాగితం మీద దులిపారు. ఏమీ లేదు. ఏమీ లేదు. చివరి పుల్లల్లో ఒకదాని మీద చీమ కదిలింది. ఎతెల్వీనా కాగితం మీదికి వంగింది. ఫౌస్తో భూతద్దం పెట్టి ఆమె వైపు తోశాడు.

"నువ్వే చూడు."

నల్లగా, చురుగ్గా ఉంది. గబగబా కాగితం దాటి పోయింది.

"ఇది కాదు," అంది. "ఇది ఇక్కడిదే."

"ఇవాళ్టికి లేవు," అన్నాడు ఫౌస్తో. "ఇవాళ్టికి. రాణి ఇసకలోకి వెళ్ళిపోయుంటే మనకు పుల్లమీద కనపడదు. నేను అధికారులకు రాసి ఇవ్వాల్సిందే, తెలుసుగా?"

"రాయి."

పడవను వెనక్కి పిలిచారు. మొక్క, మట్టి, తువ్వాళ్ళు అన్నీ అధికారుల ఫ్రీజర్‌లోకి వెళ్ళాయి. మట్టిలో రాణి దొరికిందని, కానీ ఒకటి ఉన్నచోట మరొకటి ఉండొచ్చని చెప్పారు. ఎతెల్వీనా పని పోయింది. దోన్ లియోనీదాస్ పడవకు కొన్నాళ్ళు రేవే గతయింది. ఆయన ఆమెను చూస్తే వీధి మారుతాడు, ఆయన మనుషులు మారరు, ఎదురుగానే ఉమ్మేస్తారు. అమ్మ మాత్రం నేరమంతా చీమలదే అంటుంది.

ఏడాది వరకు ల మూదా మీద ఎవరినీ దిగనివ్వరు. తనిఖీవాళ్ళు మాత్రం వేరుశనగ పుల్లలతో వెళ్ళొస్తున్నారు. వాళ్ళ పడవ రేవుకు తిరిగొచ్చే రోజున ఎతెల్వీనా చేపల బల్లల దగ్గర నిలబడుతుంది. దగ్గరికి వెళ్ళి అడగదు. పుల్లల డబ్బాను దింపేవాడి మొహం చూస్తుంది. మొన్న అతనే తనంతట తానుగా ఆగి, "ఏం లేదక్కా అక్కడ," అన్నాడు. ఆమె రేవు తడి మెట్లమీదే కూర్చుంది. అతను డబ్బా భుజాన వేసుకుని, "తడికే పైకొస్తాయి, వర్షాలయ్యాక మళ్ళీ చూడాలి," అని వెళ్ళిపోయాడు. వర్షాలు ఇంకా మొదలు కాలేదు.