మా వదిన పసిపిల్లల క్రీము

మా వదిన యాదమ్మ ఇక లేదని పోయిన మంగళవారం అన్న ఫోను చేశాడు. అప్పుడు నేను శామీర్‌పేట బస్సులో ఉన్నాను. ముందురోజే ఆసుపత్రిలో నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి. దిగాల్సిన చోట దిగడం మరచిపోయాను. ఆమెను ఎరిగినవాళ్ళంతా ఇన్నేళ్ళూ ఆమె గురించి ఒక తప్పు మాట నమ్మారు. దానికి మూలం నేనే.

మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలున్న రోజుల్లో వదిన గుత్తులు సరిచేసే పనికి పోయేది. తెగుళ్ళ మందుగా తీగలకు కొట్టిన మైలుతుత్తం రాలి ముఖం పగిలేది. పసుపు రాస్తే మంట, అందరూ పూసుకునే తెల్లబరిచే క్రీము రాస్తే ఇంకా మంట. చివరికి మందుల షాపులో చవకగా దొరికే పసిపిల్లల క్రీము కొనుక్కుంది. "పసిపోరలకే మండంది నాకేం మండుతది" అనేది. కమిలిన ఆ ముఖం నెల తిరిగేసరికి నునుపు తేలింది.

ఆ సంగతి మొదట మాకెవరికీ తెలియదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆమెకు సంతానం లేదు. ఒకరోజు రేషన్‌కార్డు కోసం ఆమె చీరల మూట విప్పాను. పాప బొమ్మ ఉన్న డబ్బా కనిపించింది. మూట మళ్ళీ కట్టేసి, అమ్మ చెవిన వేశాను. సాయంత్రానికల్లా అమ్మ పోచమ్మకు మేకపోతును మొక్కింది. వాడకట్టు ఆడవాళ్ళు పులిహోర, మామిడికాయ తొక్కు పట్టుకొచ్చారు. తోట నుంచి వచ్చిన వదినను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టారు.

"ఏందత్తా గిది?"

"దాస్తవేందే? మూటల డబ్బా సంగతి మాకెర్కలేదనుకున్నవా?"

"గది నా మొఖానికత్తా." వెంటనే వదిన అడిగింది, "నా మూట ఎవలిప్పిండ్రు?"

నేను నేల చూశాను. గిన్నెలు ఎత్తుకొని పోతూ ఒకామె అంది, "పాపం, పిల్లల రంధితోని పిచ్చిదైంది."

ఆ మాటే నిలిచిపోయింది. దిష్టి తగులుతుందని బాలింతల ఇళ్ళలో ఆమెకు పసివాళ్ళను అందించేవారు కాదు. నా కూతుర్ని ఉయ్యాలలో వేసిన రోజున మా అమ్మే పాపను కొంగుచాటుకు తీసుకుంది. చాచిన చేతులు ముడుచుకుని వదిన వంటింట్లోకి వెళ్ళింది. వదిన పనికి పోయిన ద్రాక్షతోటలో మందు కొట్టింది నేనే. ఆ మంట ఎలాంటిదో నాకు తెలుసు. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబితే, అమ్మకు తప్ప ఎవరికీ తెలియని మూట విప్పిన సంగతీ బయటపడుతుందని ఊరుకున్నాను.

సోమవారం ఆసుపత్రిలో చెప్పేశాను. "గా మూట ఇప్పింది నేనే వదినా."

"నాకు గప్పుడే ఎర్క. మనింట్ల ముడి మీద ముడి ఏసేటోనివి నువ్వొక్కనివే."

"మరి చెప్పలేదేంది?"

"వదిన చీరెల మూట ఇప్పిండంటే నీకు పిల్లనెవలిత్తురు?" అని నవ్వింది. "ఇగనన్న చెప్పు మర్దీ. పిచ్చిది గాదు, మొఖం మండేదని. గంతే."

ఇన్నేళ్ళ బరువు దిగి, ఆ రోజు ఇంటికి తేలిగ్గా నడిచి వచ్చాను.

చివరి స్నానం అప్పుడు, ముత్తైదువ కదా అని ముఖానికి పసుపు రాయబోయారు. నా కూతురు అడ్డుపడింది.

"పెద్దమ్మకు పసుపు మండుతది."

"పోయినామెకు మంటేందే పిల్లా" అంది ఒక ముసలామె.

పిల్ల వినలేదు. డబ్బాలో మిగిలిన క్రీము తీసి ముందు అది రాసి, పైన పలచగా పసుపు పెట్టింది. ఉయ్యాల రోజున ఆమె చేతికి అందని బిడ్డ, ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఇంకొకరి పరువు కోసం తన పేరు పోగొట్టుకునే మనిషి మా ఇంట్లో ఇక లేదు. నువ్వు చెప్పమన్నది చెప్పాను వదినా. నీకు పిచ్చి లేదు. ముఖం మండేది, అంతే.