కడియంలో ఆరిన స్కేట్లు

లడఖ్‌లో ఐస్ హాకీ మ్యాచ్ వారం ఉందనగా హైదరాబాద్‌లో ప్రాక్టీసు ముగించుకుని, అటునుంచి అటే మొక్కల కోసం కడియం వెళ్ళాను. చెమటకు తడిసిన స్కేట్లను నర్సరీ గట్టు మీద ఎండబెడితే, మొక్కలు నాటే సత్యవతిగారు తిప్పి తిప్పి చూశారు.

"ఐసు మీద కాళ్ళు చల్లబడవాండీ?"

"రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకుంటానండి. అయినా మొద్దుబారిపోతున్నాయి."

"చిన్న కుండీలో కుక్కేస్తే ఏ మొక్క బతుకుతుందండి? పల్చటిది ఒక్క జతే వేసుకోండి."

తడి పీల్చేస్తుందని స్కేట్ల నిండా ఎండు కొబ్బరిపొట్టు కూడా పోశారు. ఆవిడకు తెలిసిన ఐసు సోడాబండి దగ్గరిదే. అయినా ఆవిడ మాటే విన్నాను.

మ్యాచ్ ఓడిపోయాం. కాళ్ళు మాత్రం వెచ్చగా ఉన్నాయి. ఫోన్ చేసి చెప్పాను.

"బతికాయి కదండీ," అన్నారు తాపీగా. "ఇంక నీళ్ళు ఎక్కువ పోయకండి."