పోటీలయ్యేదాక

ఆ రోజుల్లో పొద్దున్నే వీధి చివర దగ్గు వినిపిస్తే నాకు ప్రాణం కుదుటపడేది. మిగతా ఇళ్లలో పిల్లలు అమ్మ కేకకు లేచేవాళ్లు. నేను కళ్లు మూసుకొని పడుకునే, చెవులు రిక్కించి ఆ దగ్గు కోసం ఎదురుచూసేదాన్ని. ఖళ్లుఖళ్లుమని మొదలై, మధ్యలో ఒకసారి ఆగి (ఆ ఆగిన చోట నా ఊపిరి కూడా ఆగేది), మళ్లీ సాగి, చివరికి కాండ్రించి ఉమ్మిన చప్పుడుతో ముగిసేది. అప్పుడు లేచి పళ్లు తోముకునేదాన్ని. ఆ దగ్గు మా దగ్గు తాతది. ఆయన బతికి ఉన్నాడంటే నేను ఆ రోజు ఈతకు పోవచ్చు. పన్నెండేళ్ల పిల్లకు ఒక ముసలాయన ఊపిరితో అంత పని ఎందుకు పడిందో చెప్పాలంటే కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

రాష్ట్రం వచ్చిన కొత్తలో మా ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన ఒక వెంచరు వేశారు. ప్లాట్లు కొనేవాళ్లకు చూపించడానికి అన్నిటికంటే ముందు ఈత కొలను కట్టారు. ప్లాట్లు అమ్ముడుపోయాయి కానీ ఇళ్లు ఎవరూ కట్టుకోలేదు. మోకాలెత్తు గడ్డి మధ్య ఆ నీలం నీళ్లు మాత్రం మిగిలాయి. ఊళ్లోని యువజన సంఘం వాళ్లు దాన్ని అడిగి తీసుకొని పిల్లల ఈత జట్టు పెట్టారు. నేర్పడానికి మీర్‌పేట్ నుంచి బండి మీద ఒక సారు వచ్చేవాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేది కాబట్టి ఆయన మాకు విజిల్ సారు. మొదటి రోజు ఆయన పిల్లల్ని నీళ్ల దగ్గరికి కూడా రానివ్వలేదు. ఇంటి పెద్దల్ని వరసగా కూర్చోబెట్టి చెప్పాడు. “ఈత వీళ్లకు నేను నేర్పిస్త. పద్ధతి మీరు నేర్చుకోవాలె. పిల్ల వెంట ఇంటి పెద్ద ఒకరు రావాలె. నేను విజిల్ కొట్టకముందే రావాలె. వచ్చి గా బల్ల మీద కూసోవాలె. అరవొద్దు, గట్టు మీదికెళ్లి నేర్పొద్దు, చప్పట్లు గూడ వద్దు. కడుపు నిండ తినిపిచ్చి తోలియ్యొద్దు. జరమొస్తెనో, ఇంట్ల ఎవరన్న పోతెనో తప్ప నాగా వద్దు.” అందరూ తల ఊపారు. చివరి మాట దగ్గర మా నాయనమ్మ అందరికంటే గట్టిగా ఊపింది. సారు ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. మా ఇంట్లో చావు ఎంత దూరం నుంచి రాగలదో ఆయనకు అప్పటికి తెలియదు.

మాకు పాలోళ్లు ఎక్కువ. అంటే, ఏ కాలంలోనో ఒకే తండ్రికి పుట్టి వేరుపడిన అన్నదమ్ముల కుటుంబాలు. వాటిలో ఏ ఇంట్లో మనిషి పోయినా అన్ని ఇళ్లకూ మైల. మైల పట్టినవాళ్లు పదిమందిలో కలవకూడదు, ఇంకొకరి నీళ్లు ముట్టుకోకూడదు. ఇక పదిమంది దిగే నీళ్లలో నిలువునా మునగడమంటే, నాయనమ్మ దృష్టిలో అది ఊరంతటికీ మైల పంచిపెట్టడమే. బాపు ఒకసారి నా తరఫున వాదించి చూశాడు. “అమ్మా, ఆ నీళ్లల్ల మందు కలుపుతరే. ఇంక మైల యాడికెళ్లి ఉంటది?” నాయనమ్మ చేటలోని బియ్యం నుంచి తల ఎత్తకుండానే అంది, “మందుకు పురుగులు సస్తయిరా. మైల సావది.” బాపు చొక్కా తొడుక్కొని బయటికి పోయాడు.

ఆ ఎండాకాలం మా పాలోళ్లలో ముసలివాళ్లకు కలిసిరాలేదు. మొదటి తాత పోయినప్పుడు నాగా చేసి వెళితే సారు నా భుజం తట్టి, మంచినీళ్లు తాగమన్నాడు. రెండోసారి “ఈసారి ఎవరు?” అని అడిగాడు. “తాత, సార్.” “మొన్న పోయింది?” “ఆయన గూడ తాతే, సార్.” మూడోసారి నేను నోరు తెరవకముందే ఆయన విజిల్ చేత్తో పట్టుకొని, “అసలు ఎంతమంది తాతలమ్మా నీకు?” అన్నాడు. నాకు నిజంగా తెలియదు. కన్నీళ్లు వచ్చాయి. (టోపీ, కళ్లద్దాలు పెట్టుకొని ఏడిస్తే ఎవరికీ కనబడదని ఆ రోజు నేర్చుకున్నాను. జట్టులో నాకు వెంటనే పట్టుబడిన విద్య అదొక్కటే.) బల్ల మీద కూర్చున్న నాయనమ్మ ఇది చూసి, మాట్లాడకూడదన్న నియమం పక్కనపెట్టి లేచి వచ్చింది. “అబద్ధం గాదు సారూ. జర ఇనుండ్రి. మా మామకు ముగ్గురు అన్నదమ్ములు. నడిపాయనకు ఇద్దరు పెండ్లాలు...” అని మొదలుపెట్టింది. రెండో పెండ్లాం చిన్న కొడుకు దగ్గరికి వచ్చేసరికి సారు నుదురు పట్టుకున్నాడు. “అవ్వా, నాకు ఇవన్ని వద్దు. రిలేకు నలుగురు కావాలె. అందుల ఒకామె నీ మనవరాలు. బడంగ్‌పేట్ల పోటీలున్నయి. ఇంకొక్క నాగా అయితే ఈమెను తీసి ఇంకో పిల్లను పెడ్త. ఎవరు పోయినా సరే.”

రిలే అంటే నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే పోటీ. నాది మూడో స్థానం. మొదట దూకేవాళ్లు బాగా దూకాలి, చివరివాళ్లు బాగా ఈదాలి, రెండోవాళ్లు ఎలాగో బాగుంటారు. మూడో చోట ఎవరినైనా పెట్టవచ్చు. ఆ మాత్రం చోటు కూడా నాకు అంతకుముందు ఎక్కడా దొరకలేదు. బడిలో నా పేరు టీచర్లకు గుర్తుండేది కాదు. ఇక్కడ మాత్రం నేను రాకపోతే ముగ్గురు గట్టు మీద నిలబడిపోతారు. ఆ రాత్రి అన్నం తింటూ నాయనమ్మను మాటల్లో పెట్టి, పాలోళ్లలో ఇంకా ఎవరెవరు ముసలివాళ్లున్నారో అడిగి తెలుసుకున్నాను. ఉన్నవాళ్లలో చాలామంది గట్టిగానే ఉన్నారు. భయపడాల్సింది ఒక్కరి గురించే. మా వీధి చివర, కొడుకు, కోడలి దగ్గర ఉండే దగ్గు తాత.

మర్నాటి నుంచి ఆయన ఆరోగ్యం నా చేతిలోకి తీసుకున్నాను. ప్రాక్టీసు నుంచి తడి జుట్టుతోనే వాళ్ల అరుగు దగ్గరికి పోయేదాన్ని. మాత్ర వేసుకున్నావా అని అడిగేదాన్ని. చెప్పులు లేకుండా వాకిట్లోకి దిగితే అరిచేదాన్ని. ఆయన ముచ్చటపడేవాడు. “మా ఇంట్ల ఎవలికి లేని ఫికర్ ఈ పిల్లకున్నది సూడు” అని కోడలు వినేటట్టు అనేవాడు. ఆమె వంటింట్లోంచి గిన్నె చప్పుడు చేసేది. ఒకరోజు నేను జాగ్రత్తలన్నీ ఒక్కొక్కటే చెబుతున్నాను.

“ఎండలకు పోకు తాతా.”

“పోను బిడ్డా.”

“సల్లటి నీళ్లు తాగకు.”

“తాగ.”

“కల్లు గూడ బంద్ చెయ్యి.”

అప్పటిదాకా నేల చూస్తున్న ఆయన తల ఎత్తాడు. “కల్లు గూడనా? ఎన్నొద్దులు?”

“పోటీలయ్యేదాక.”

“ఏం పోటీలు?”

ఇక దాచలేకపోయాను. సారు, నాగా, మైల, రిలే, మూడో స్థానం, అన్నీ చెప్పేశాను. ఆయన కాసేపు నా వంక చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగలేదు. కళ్లు తేలేసి, అరుగు స్తంభం పట్టుకొని, చెయ్యి గాల్లో ఆడిస్తున్నాడు. కోడలు చెంబుతో పరుగెత్తుకొచ్చి, “ఏం చెప్పినవే ముసలాయనకు?” అని గద్దించింది. ఎండకు పోనివ్వలేదు, చల్లటి నీళ్లు తాగనివ్వలేదు. చివరికి నేనే నవ్వించి చంపుతున్నాను. నీళ్లు తాగాక ఆయనకు ఊపిరి అందింది. రుమాలుతో కళ్లు తుడుచుకొని, కోడలు లోపలికి పోయేదాకా ఆగి, మెల్లగా అన్నాడు.

“ఎందుకైతే ఏంది బిడ్డా, నేను బతకాలని ఇంత గట్టిగ ఎవలు కోరుకోలే. పో, మంచిగ ఈదు. నీ పోటీలయ్యేదాక నేను సావ. మాటిస్తున్న.”

“మరి కల్లు?”

“కల్లు సంగతి మాటియ్య.”

పోటీల రోజు పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి వీధి నిశ్శబ్దంగా ఉంది. పక్క మీదే పడుకొని చాలాసేపు విన్నాను. కుళాయి దగ్గర బిందెలు వినిపించాయి, పాలబండి వినిపించింది. దగ్గు లేదు. అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. నాయనమ్మ చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది: మైల చావుతో మొదలుకాదు, కబురు చెవిన పడ్డప్పుడు మొదలవుతుంది. అంటే వినకపోతే లేదు. ఆ ఆలోచనకు నాకే భయమేసింది, అయినా దాన్నే పట్టుకున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరైనా మాట్లాడబోతే గట్టిగా దగ్గుతూ (వేరే ఏదీ తోచలేదు) బయటికి పోయాను. బండి మీద బాపు ముందు, నేను మధ్యలో, సంచిలో ఉడకబెట్టిన శనగ గుడాల డబ్బాతో నాయనమ్మ వెనక. బయల్దేరిన కాసేపటికే బాపు చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

“ఎవలో చేస్తున్నరు. ఎత్తురా” అంది నాయనమ్మ.

“ఎత్తకు బాపూ!” నేను ఆయన నడుము గట్టిగా పట్టుకున్నాను. “దగ్గు తాత పొద్దుగాల దగ్గలే. వింటే మైల పడ్తది.”

బాపు బండి నెమ్మది చేశాడు. ఇద్దరం నాయనమ్మ మాట కోసం చూస్తున్నాం. వినకూడదని నేను అనుకున్న కబురు ఇప్పుడు ఆమెకు కూడా సగం తెలిసిపోయింది. వెనక్కి తిప్పమంటుందనే అనుకున్నాను. ఫోన్ మూడోసారి మోగింది. నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి కొంచెం బిగిసింది.

“బండి మీద పొయ్యేటప్పుడు ఫోన్ ఎత్తొద్దంటరు గద” అంది చివరికి. “పోలీసోళ్లు పట్టుకుంటరు. పోనియ్.”

ఆమె పుట్టి బుద్ధెరిగి ట్రాఫిక్ నియమం ఒక్కటి పాటించడం నేను చూసింది అదే మొదటిసారి.

బడంగ్‌పేట్ కాలనీలో ఈత కొలను గేటు దాటగానే, పిల్లల పెద్దల కోసం వేసిన బల్ల మీద ఒకే ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. తెల్ల ధోతి, తలకు రుమాలు, కాళ్ల దగ్గర సంచి. దగ్గు తాత. విజిల్ కంటే ముందు రావాలని నేనే చెప్పాను కాబట్టి, ఇంట్లో ఎవరినీ లేపకుండా తొలి బస్సెక్కి, ఆటో మారి వచ్చాడట. ఫోన్ మళ్లీ మోగితే బాపు ఈసారి ఎత్తాడు. తాత కొడుకు గొంతు మా అందరికీ వినిపించింది. “అన్నా, మా నాయిన కనపడ్తలేడే! మీ తానకొచ్చిండా?” ఈలోగా తాత మా సారు దగ్గరికి నడిచి, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. “సారూ, నేను ఈ పిల్ల తాతను. ఇగో సూడుండ్రి, బతికే ఉన్న. మల్ల ఎవలన్న పోయిండ్రని ఈమె చెప్తే, గది నేను గాదు.” సారు నవ్వడం మేము ఎప్పుడూ చూడలేదు. విజిల్ నోట్లో ఉండగానే నవ్వేసరికి అది కూసింది. అటు గట్టు మీద నిలబడిన బడంగ్‌పేట్ పిల్లవాడు ఒకడు పోటీ మొదలైందనుకొని నీళ్లలోకి దూకేశాడు.

మా జట్టు రెండో స్థానంలో వచ్చింది. (వచ్చినవి రెండు జట్లేనన్న సంగతి నాయనమ్మ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.) పెద్దలందరూ నియమం ప్రకారం నోరు మూసుకొని కూర్చున్నారు. తాత కూడా ప్రయత్నించాడు, కానీ దగ్గు ఆయన మాట వినదు. ఊపిరి కోసం నీళ్ల మీద తల తిప్పినప్పుడల్లా అది వినిపించింది. నేను అంత ధైర్యంగా అంతకుముందు ఈదలేదు, తర్వాతా ఈదలేదు.

మూడేళ్లకు వెంచరు చేతులు మారి, కొలను కొన్నాళ్లు మూతపడింది. నేను చదువులో పడి ఈత వదిలేశాను. నాయనమ్మ పోయింది. తాత మాత్రం ఎప్పుడు ఎదురుపడినా అదే అడిగేవాడు. “ఏం బిడ్డా, పోటీలేమన్న ఉన్నయా? లేకుంటే చెప్పు, నేను పోత.” నేను నవ్వి, ఉన్నాయి తాతా, అనేదాన్ని. అలా చాలా ఏళ్లు గడిచాయి. మొన్న చలికాలంలో నేను ఆఫీసులో ఉండగా బాపు దవాఖాన నుంచి ఫోన్ చేసి, తాత చెవి దగ్గర పెట్టాడు. మాట కంటే ఊపిరే ఎక్కువ వినిపిస్తోంది. “పోటీలున్నయా?” అన్నాడు. “ఉన్నయి తాతా. వచ్చే ఆదివారం.” “అవ్? గట్లనా...” అన్నాడు. ఇంకేదో అనబోయాడు, దగ్గు వచ్చింది. శుక్రవారం పోయాడు.

ఆదివారం నేను ఇంట్లో ఉండలేకపోయాను. మైలలో ఉన్నాను, నాయనమ్మ ఉంటే గడప దాటనిచ్చేది కాదు. నీళ్లు ముట్టనని మనసులో ఆమెకు చెప్పుకొని వెంచరు దాకా నడిచాను. కొలను మళ్లీ తెరిచారు. గడ్డి ఉన్న చోట ఇప్పుడు ఇళ్లున్నాయి. విజిల్ సారు జుట్టు నెరిసింది, విజిల్ అదే. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పట్టాక నవ్వుతూ ఆ పాత ప్రశ్నే అడిగాడు. “ఏమ్మా, ఈసారి ఎవరు?”

“తాత, సార్” అన్నాను.

ఆయన నవ్వు ఆపేశాడు. “గా దగ్గే తాతనా?”

తల ఊపాను. ఆయన బల్ల వైపు చెయ్యి చూపించాడు. వెళ్లి, పెద్దలకు కొంచెం ఎడంగా, చివర్న కూర్చున్నాను. నీళ్లలో ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పిల్ల, ఊపిరి కోసం తల తిప్పినప్పుడల్లా బల్ల వైపే చూస్తోంది. ఆ పిల్లకు ఎవరి గురించి భయమో నాకు తెలియదు. నా పన్నెండేళ్ల ముఖం గుర్తొచ్చి కొంచెం నవ్వొచ్చింది. బల్ల మీద కూర్చున్నవాళ్లు చప్పుడు చెయ్యకూడదన్న నియమం ఇంకా ఉంది. నాకు దగ్గు రాలేదు. అయినా ఒకసారి దగ్గాను. సారు విని కూడా వెనక్కి తిరగలేదు.