జడ వేసిన యాంప్లిఫయరు

ఇప్పుడంటే అరచేతిలో పట్టే డబ్బాని ఓ మూల పడేసి, ఫోను మీద వేలు ఆనిస్తే ఇల్లంతా పాట నిండిపోతోంది గానీ, మా కుర్రతనంలో పాట గట్టిగా వినాలంటే ముందు యాంప్లిఫయరు తయారు చేసుకోవాలి. కనీసం నేను అలా అనుకునేవాణ్ణి. (తయారైనదాన్ని కొనుక్కోవచ్చన్న సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.) అప్పుడే ఇంటర్ గట్టెక్కి, తెనాలిలో మా ఇంటి వసారాలో టంకం పొగ పీలుస్తూ, బాపట్లలో ఒక రేడియో షాపులో పని నేర్చుకోవాలని తహతహలాడుతున్నాను. నాన్న మాత్రం రేపల్లెలో పెదనాన్న నడిపే బియ్యం మిల్లులో నన్ను కూర్చోబెట్టాలని చూస్తున్నారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. "ఆదివారం మీ పెదనాన్న వస్తాడు. నీ పెట్టె పాడిందా, బాపట్ల. పాడలేదా, ఆయనతో పాటే రేపల్లె బండెక్కు" అన్నారు నాన్న.

పెట్టెలో అన్నీ అమిరాయి, లోపలి తీగలే మిగిలాయి. రంగులు ఎంచడంలో దిట్ట అని మా అక్కని వెంటబెట్టుకుని మా ఊళ్ళో తీగలమ్మే షాపుకి వెళ్ళాను. షాపాయన బూడిదరంగు తీగ ఒకటి తీసి, "బాబూ, పాట లోపలికొచ్చే దారికి ఇది వేసుకో. లోపల సన్నటి రాగి అల్లిక చుట్టి ఉండిద్ది, పక్క తీగల గోల రానియ్యదు" అన్నాడు. అక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏంటండీ ఇది, ఎలక తోకలాగుంది! మా పెదనాన్న చూస్తే ఏమనుకుంటారు? ఆ ఎర్రదీ, పచ్చదీ, పసుపుదీ ఇవ్వండి" అంది. నేనూ తలూపాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఎర్రదే నచ్చింది.

ఆదివారం పొద్దుటికి తీగలన్నీ అతికించేసరికి పెట్టె లోపల కాకిగూడులా తయారైంది. అక్క చూసి భరించలేకపోయింది. "జరుగు" అని నన్ను పక్కకి నెట్టి, కరెంటు తీగ, ట్రాన్స్‌ఫార్మరు తీగ, పాట తీగ మూడింటినీ కలిపి నున్నగా మూడుపాయల జడ అల్లేసింది. (మల్లెపూలు పెట్టలేదు, అంతే.) అంత అందమైన పెట్టె తెనాలిలో మరొకటి ఉండదని ఇద్దరం మురిసిపోతూ ఉండగానే పెదనాన్న దిగారు. ఒకసారి వాయించి చూసుకునే వ్యవధి కూడా లేకపోయింది.

పెట్టెకి తగిలించిన టేప్‌రికార్డరులో క్యాసెట్ పెట్టి స్విచ్చి వేశాను. "బుయ్య్య్" మని ఇల్లంతా మోత! దాని అడుగున ఎక్కడో పాట మూలుగుతోంది. పెదనాన్న మొహం వెలిగిపోయింది. "ఒరేయ్, అచ్చం మన మిల్లేరా!" అన్నారు. నాన్న గోడ గడియారం వైపు చూశారు. రేపల్లె బండి నా కళ్ళ ముందు కదిలింది. ఏడుపొక్కటే తక్కువ. షాపాయన మాట అప్పుడు తలకెక్కింది. గబగబా జడ విప్పి, అక్క "అయ్యో, నా జడ!" అంటున్నా వినకుండా, పాట వచ్చే ఎర్ర తీగని మిగతావాటి నుంచి దూరంగా లాగాను. మోత తగ్గింది! వదిలితే తీగ మళ్ళీ వెళ్ళి వాటి పక్కనే చేరుతోంది, వేలితో పట్టుకుంటే మోత ఇంకా పెరుగుతోంది. వంటింట్లోకి పరిగెత్తి అమ్మ కవ్వం తెచ్చి, ఆ కర్రతో ఎర్ర తీగని పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. పాట తేటగా వచ్చింది.

ఎవరూ కదల్లేదు. "మజ్జిగ చేసుకోవాల్రా" అని అమ్మ మొదలుపెట్టి, తనూ తలుపు పక్కనే నిలబడిపోయింది. భుజం పీకుతోంది. చెయ్యి కాస్త వాలితే బుయ్య్! "దించమాకురా, చరణం వస్తోంది" అని పెదనాన్న గదమాయింపు. క్యాసెట్ ఒక వైపు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

పెదనాన్న లేచి సంచీ అందుకున్నారు. "మరి వీణ్ణి తీసుకెళ్తావా అన్నయ్యా?" అడిగారు నాన్న.

"మన మిల్లు ఎవరున్నా తిరిగిద్దిరా. ఇది మాత్రం వీడు లేకపోతే పాడదు. బాపట్ల పంపు."

ఆ తరువాత ఎన్నో యాంప్లిఫయర్లు చేశాను. ఒక్కటీ గోల పెట్టలేదు, ఒక్కదాని ముందూ ఎవరూ కుదురుగా కూర్చోలేదు. ఆ ఆదివారం మాత్రం నలుగురు మనుషులు, నా చెయ్యి ఎక్కడ వాలుతుందోనని ఊపిరి బిగబట్టి, ఒక్క మాట పోకుండా విన్నారు. కవ్వం ఎత్తిపట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త కుళ్ళూ పుడుతుంది.