అత్త నేర్పిన పరుగు

మా ఆయన కామెర్లతో పోయాక, ఆయన చేసిన ఖలాసీ ఉద్యోగం నాకిస్తామన్నారు. ఉద్యోగం వస్తే బెంగాల్లో, ఈ సంత్రాగాఛిలో, రైల్వే క్వార్టరు మాకే ఉంటుంది. రాకపోతే నేనూ మా అత్తా పెట్టే బేడా సర్దుకోవాలి. సర్దుకుని ఎక్కడికెళ్ళాలో ఇద్దరికీ తెలీదు.

సరిగ్గా అప్పుడే కింద వాటా బౌది, అంటే బెంగాలీ వదిన, వచ్చి, రైల్వేలో చేరాలంటే పరుగు పరీక్ష ఉంటుందని చెప్పింది. వాళ్ళ తమ్ముణ్ణి మైదానం చుట్టూ తిప్పి తిప్పి పరిగెత్తించారట. పెళ్ళయ్యాక నేను పరిగెత్తిందల్లా పాలు పొంగినప్పుడే, అదీ ఏనాడూ పొంగకముందు చేరలేదు. ఒంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా మేడ మెట్లెక్కితేనే మధ్యలో ఆగి, ఎవరో పిలిచినట్టు వెనక్కి చూసి, ఊపిరి తీసుకునే రకాన్ని.

"రేపట్నించి పరిగెట్టు. నాను సూస్తాను," అంది అత్త.

ఆవిడ చూడ్డమంటే మామూలు చూడ్డం కాదు. చీకటితోనే లేపి, నా చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, మా ఆయన పాత కాన్వాసు బూట్లు నా కాళ్ళకి తొడిగింది. పెద్దవైపోతే ముందు గుడ్డపీలికలు కుక్కింది. రైల్వే యార్డు గోడ పక్కన బకెట్టు బోర్లించుకుని దానిమీద కూచుంది. గోడమీద ఎర్రరంగు కొడవలీ సుత్తీ కూడా నన్నే చూస్తున్నట్టున్నాయి. "ఎల్లు," అంది. వెళ్ళాను.

కాలనీ చివరున్న నీళ్ళ టాంకీ కనబడకముందే డొక్కలో పోటు. ఇంకాస్త ముందుకెళ్ళేసరికి కొలిమితిత్తి ఊదినట్టు చప్పుడు. యార్డులో ఏదో ఇంజను అనుకున్నాను. నాలోంచే వస్తోందని కాసేపటికి గానీ తెలీలేదు.

అసలు గొడవ నా వెనకాల మొదలైంది. యార్డు పక్కన బతికేవాళ్ళకి, తెల్లవారుజామున ఎవరైనా పరిగెత్తుతున్నారంటే ఒకటే అర్థం. ఎవరో బండి కింద పడ్డారని. ముందు వేపపుల్ల నములుతున్న బెంగాలీ దాదా ఒకాయన నా వెంట పడ్డాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు. టాంకీ దగ్గర ఆగి తిరిగి చూద్దును కదా, సగం కాలనీ లుంగీలతో, నైటీలతో నా వెనకే ఉంది. "కీ హోయెఛే బౌది? ఏమైంది? ఎవరు, ఎవరు?" అంటున్నారు. నాకేమో మాట పెగల్దు. ఎవరూ కాదని చెయ్యూపితే, ఇంక లేరని చెప్తున్నాననుకుని ఒకామె ఏడుపందుకుంది. చివరికి అత్త బకెట్టుతో సహా వచ్చి, "కిచ్చు నయ్, పొరీక్ఖా, పొరీక్ఖా," ఏమీ లేదు పరీక్షే అని, తనకొచ్చిన బెంగాలీ అంతా ఒక్కసారే వాడేసింది.

పరువు పోయిందని మర్నాడు ముసుగు తన్నాను. అత్త ముసుగు లాగేసింది.

"సిగ్గుపడితే కూడొస్తాదేటే? లెగు."

లేచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రోజుకో వంక పెట్టేదాన్ని. బూట్లన్నాను, చీరన్నాను, బొగ్గు పొగన్నాను. ఆవిడ అన్నీ విని, "ఊపిరంతా మాటలకే కర్సెట్టెస్తే కాళ్ళకేటుంటాది," అనేది. బంద్ వచ్చిన రోజున బస్సుల్లేవు కదా అని నన్ను పెద్ద రోడ్డెక్కించింది. ఖాళీ రోడ్డుమీద పరిగెత్తే నన్ను చూసి, జెండాలు పట్టుకు కూచున్న కుర్రాళ్ళు ఊరేగింపు ఎటు పోతోందని అడిగారు. చెప్పే ఊపిరుంటే ఏదో ఒక దిక్కు చూపించేదాన్నే.

వానలు మొదలయ్యేసరికి టాంకీ చుట్టూ తిరిగొచ్చి, కూలబడకుండా నిలబడగలిగాను. కాలనీవాళ్ళు కూడా నా వెంట పడ్డం మానేశారు.

డాక్టరు పరీక్షయ్యాక ఓ రోజు ఆఫీసుకి పిలిచారు. పరుగు ఈ రోజే కాబోలనుకుని, బూట్లేసుకునే వెళ్ళాను. అత్త తోడొచ్చి బయట మెట్లమీద కూచుంది. లోపల గుమాస్తా బాబు కాగితాలమీద నాచేత సంతకాలు పెట్టించుకుని, ఇంక వెళ్ళమన్నాడు.

"మరి పరుగు?" అన్నాను.

"ఏ పరుగు?" అన్నాడాయన. నన్ను పైనుంచి చూసుకుంటూ వచ్చి బూట్ల దగ్గర ఆగాడు. "భర్త పోయినవాళ్ళని పరిగెత్తిస్తామా దీదీ?" అన్నాడు. సోమవారం నుంచి డ్యూటీ అని చెప్పాడు. మా ఆయన చేసిన షెడ్డులోనే, ఆయన ఖాళీలోనే.

సిగ్గూ సంతోషం కలిసి నవ్వాగలేదు. బయటికొచ్చి, "పరుగు లేదట అత్తా, ఉత్తినే నా ప్రాణం తీశావు," అన్నాను. ఉద్యోగం వచ్చేసిందనీ, అదే షెడ్డు, ఆయన జాగాలోనే అనీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడకి ఊపిరందలేదు. నోరు తెరిచింది గానీ గాలి లోపలికి పోవట్లేదు. కొడుకు పోయిన రోజు కూడా ఏడవని మనిషి, నా చెయ్యి పట్టుకుని వంగిపోయింది. నాకు భయమేసింది. పక్కనే కూచుని, ఊపిరందేదాకా వీపు రాశాను.

"ఆడి జాగా నీకిచ్చేసినారంటే," అంది, "ఇంక ఆడు రాడన్నమాటే గదే."