అన్న లేని 'ఆఖరి ప్రాణం'

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే చాలు, మా చాచా నవ్వుతాడు. "నీకేం వయసైందని అప్పుడే ఆ రోజులూ ఈ రోజులూ" అంటాడు. నిజమే, నేను చెప్పబోయేది రాజుల కాలం నాటి సంగతేమీ కాదు. చేతిలో ఫోనూ, ఫోన్లో వాడుకోలేనంత డేటా ఉన్న కాలమే. కానీ డిగ్రీ పాసై, ఏ ఉద్యోగమూ దొరక్క, సూళ్లూరుపేటలో మా చాచా టైలర్ షాపులో జాకెట్లు కుట్టుకుంటూ కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే నాకే ఎవరో వేరే మనిషిలా అనిపిస్తుంది. దానికి లోకంలో దేని మీదా అధికారం లేదు. ఇంట్లో ఏ కూర వండాలో దాన్ని అడిగేవాళ్లు లేరు, పెళ్లి చూపులకి ఎవర్ని పిలవాలో అంతకన్నా అడిగేవాళ్లు లేరు. అందుకేనేమో, తనదనుకున్న ఒక్క విషయంలో మాత్రం అది ససేమిరా వెనక్కి తగ్గలేదు. ఆ విషయం ఒక గేమింగ్ పాడ్‌కాస్ట్. (నవ్వుకోండి, పర్వాలేదు. అప్పట్లో నవ్విన వాళ్లకి జవాబులు చెప్పీ చెప్పీ నాకు అలవాటైపోయింది.)

మా షాపులో ముగ్గురం ఉండేవాళ్లం. కత్తెరా మెషినూ చాచావి. రెండో మెషిను నాది. ఇక దొరవారిసత్రం నుంచి రోజూ రైల్లో వచ్చే అక్క ఒకామె హుక్కులూ కాజాలూ చీరలకి ఫాల్సులూ కుట్టేది. ఆమెని ఊరంతా కాజాల అక్క అనే పిలిచేవాళ్లు. షాపులో పాటలు పెడితే చాచాకి పడేది కాదు. పాట జోరందుకుంటే ఆయన కాలు కూడా జోరందుకునేది, కుట్టు గీత దాటి ఎక్కడికో పోయేది. ఒకసారి హుషారు పాట ఒకటి మోగుతున్నప్పుడు ఒక హెడ్‌మాస్టర్ గారి చొక్కా చెయ్యికి నోరు లేకుండా కుట్టేశాడు. ఆ తర్వాత పాటలు బంద్. "మాటలైతే పెట్టు. మాటలకి కాలు ఆడదు" అన్నాడు. అట్లా నేను వినే పాడ్‌కాస్ట్ మా షాపు స్పీకర్లోకి వచ్చింది. దాని పేరు 'ఆఖరి ప్రాణం', ఆటలో ఓడిపోయే ముందు మిగిలే చివరి ఛాన్సు అన్నమాట. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఆడుకునే ఆటల గురించి ఒకాయన వారానికోసారి, శనివారం పొద్దున, గంటసేపు మాట్లాడేవాడు.

ఆయన్ని మేం అన్న అనేవాళ్లం. అసలు పేరు మాకు అనవసరం. అచ్చం మన నెల్లూరు మాట, ఏ తొందరా లేని మాట. ఆటలో జరిగినదాన్ని పక్క వీధిలో జరిగినట్టు చెప్పేవాడు. "ఆ కోట గోడెక్కి చూసినా గదా, ఆడ ఎవడో ముసిలోడు కూర్చోని ఉండాడు. కత్తి దూసినా. ఏం నాయనా, అన్నం తిన్నావా అన్నాడు. ఇంకేం పొడిచేది?" అనేవాడు. చాచా పుట్టి బుద్ధెరిగాక ఫోన్లో ఒక్క ఆట ఆడలేదు. ఫోను పట్టుకుంటేనే వేడిగా ఉందంటాడు. అయినా సోమవారం పొద్దున షట్టరు ఎత్తుతూనే, "ఆ కోటలో ఇరుక్కున్నోడు బయటపడతాడంటావా?" అని నన్ను అడిగేవాడు. ఎక్కడో కోట, ఎవడో లేని మనిషి, వాడి మీద ఈయనకి బెంగ. కాజాల అక్క అయితే సూదిలో దారం ఎక్కించడం ఆపేసి వినేది.

అట్లాంటిది ఒక శనివారం పొద్దున నేను స్పీకర్ పెట్టగానే, అన్న గొంతుకి బదులు ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది. ఉరుకులు పరుగుల మాట. "హాయ్ అందరికీ! ఈ వారం నుంచి మీ ఆఖరి ప్రాణం నా చేతుల్లో! అన్న వేరే పనిలోకి వెళ్లిపోయారు" అని పకపకా నవ్వింది. చాచా మెషిను ఆగిపోయింది. ఇక్కడ మీకొక మాట చెప్పాలి. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే మా షాపు అద్దాలు గలగలలాడతాయి, వీధి వీధంతా బయటికొచ్చి ఆకాశం కేసి చూస్తుంది. మా చాచా మాత్రం తలెత్తకుండా కుట్టుకుంటూనే ఉంటాడు. ఆ మనిషి మెషిను ఆపాడు.

"ఎవరీ పిల్ల?" అన్నాడు.

"తెలీదు చాచా."

"అన్న యాడికి పోయినాడు?"

"వేరే పనంట."

"మనకి చెప్పకుండానా?"

ఆ చివరి మాట నాకు సూటిగా గుచ్చుకుంది. అవును, మాకు చెప్పకుండా ఎట్లా పోతాడు? పోయినాడు సరే, ఆ కుర్చీలో ఎవరో వచ్చి కూర్చుని నవ్వడమేంది? నేను లేచి స్పీకర్ తీగ పీకేశాను. "అన్న లేని ఆఖరి ప్రాణం ఈ షాపులో మోగదు" అన్నాను. అప్పటిదాకా నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద ప్రకటన అదే.

ప్రకటనతో ఆగలేదు. ఆ ఎపిసోడ్ కింద 'అన్న కావాలి' అని రాశాను. అప్పటికే అట్లాంటివి బోలెడు ఉన్నాయి. 'కొత్తమ్మాయి బాగానే ఉంది కదా' అన్న పాపానికి ఒకాయన్ని మేమంతా కలిసి తరిమినంత పని చేశాం. అదీ చాలక, మధ్యాహ్నం టీ తాగుతూ ఆ పిల్లకి ఒక వాయిస్ మెసేజ్ పంపాను. "నువ్వు మాట్లాడుతుంటే ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నావో తెలీడం లేదు. ఇంకొకరి ఇంట్లోకి వచ్చి, వచ్చీ రాంగానే నవ్వుతారా? మా చాచాకి మెషిను నడవడం లేదు, దానికి నువ్వే బాధ్యురాలివి" అని మొదలుపెట్టి, టీ చల్లారిపోయేదాకా మాట్లాడాను.

తర్వాతి శనివారం కాజాల అక్క ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పని చేస్తూ ఉన్నట్టుండి కెవ్వుమంది. "పాపా, నీ గొంతు వస్తా ఉంది ఇందులో!"

"నువ్వెందుకు వింటున్నావక్కా అసలు?"

"అది తర్వాత. ముందు ఇది విను."

ఆ పిల్ల నా మెసేజ్ మొత్తం వినిపించింది, వెనకాల, నడవడం లేదని నేను చెప్పిన చాచా మెషిను చప్పుడుతో సహా. చివర్న, "ఈ అక్క ఎవరో గానీ, ఇంత ప్రేమగా తిట్టే మనిషి దొరకాలంటే రాసిపెట్టుండాలి. ఆ మెషిను చప్పుడు కూడా భలే ఉంది" అందంట. అంట అని ఎందుకంటున్నానంటే, నేను వినలేదు కాబట్టి. అక్క చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. తిడితే తిరిగి తిట్టాలి గానీ ఈ మెచ్చుకోవడమేంది?

అంతకన్నా మండింది అక్క మీద. నేను నిలదీస్తే ఆమె దాచలేదు. "నాకు అన్న గొంతూ ఇష్టమే, ఈ పిల్ల చెప్పేదీ ఇష్టమే. అన్న కథ చెప్పేవాడు. ఈ పిల్ల ఎట్టా ఆడాలో చెప్తది. నేను సేద్యం ఆట ఒకటి ఎక్కించుకున్నా చూడు" అని ఫోను చూపించింది. ఆమెకి నిజంగానే ఊళ్లో వరి మడి ఉంది. పొద్దున అందులో నాటేసి, రైలెక్కి, ఫోన్లో ఇంకో మడి నాటుతా ఉంది! "ఇందులో కరెంటు పోదు పాపా, మోటారు కాలదు. ఎంత సుఖమో" అంది. "ఇంటికి కొత్త కోడలు వచ్చిందని అన్నం మానేస్తామా ఎవరన్నా?" అని నా మీదికే వచ్చింది.

షాపు రెండుగా చీలింది. అక్క ఒక వైపు, నేనూ చాచా ఒక వైపు. మేం ఊరికే కూర్చోలేదు. అన్న ఎక్కడికి పోయినాడో వెతికి పట్టుకున్నాను. ఆయన కొత్త పాడ్‌కాస్ట్ మొదలుపెట్టి ఉన్నాడు. రొయ్యల పెంపకం మీద.

మీరు చదివింది సరిగ్గానే చదివారు. రొయ్యల పెంపకం. వేరే వాళ్లయితే ఆ పేరు చూడగానే దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. మాది అట్లాంటి అభిమానం కాదు. అన్న కోట గురించి చెప్పినా వింటాం, గుంట గురించి చెప్పినా వింటాం. శనివారాలు మళ్లీ స్పీకర్ మోగింది. "నీళ్ల రంగు మారిందంటే భయపడబాకండి. ముందు మేత తగ్గించండి" అని అదే గొంతు, అదే నిదానం. నేను పైపింగు వేస్తూ మేత లెక్కలు విన్నాను. చాచా చొక్కా చేతులు కత్తిరిస్తూ గాలిమరల సంగతులు విన్నాడు. (గుంటలో నీళ్లు చిలికే చక్రాలవి. రొయ్యలకి ఊపిరాడాలంటే తిరుగుతూ ఉండాలి. నేనిప్పటికీ మర్చిపోలేదు.) ఒకరోజు ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చిన రొయ్యల రైతు ఒకాయన గుంట సరిగా లేదని దిగులుపడుతుంటే, చాచా ఆయన నడుము చుట్టూ టేపు పట్టుకుని, "మేత తగ్గించి చూసినావా?" అన్నాడు. ఆయన టేపు మధ్యలో బిగుసుకుపోయి, "నీకెట్టా తెలుసు భాయ్?" అన్నాడు. చాచా తలపంకించాడు. ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోతూనే ఉంది.

కానీ నిజం చెప్పాలి. మూడో నెలకి ఇద్దరికీ ఆవలింతలు మొదలయ్యాయి. ఒకరికొకరం కనబడకుండా ఆవలించేవాళ్లం. అప్పుడే అన్న ఒక శనివారం, మైపాడులో రొయ్యల రైతుల సమావేశానికి వస్తున్నానని చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. "పోదాం చాచా. పోయి వెనక్కి రమ్మని అడుగుదాం."

ఆదివారం, షాపు సెలవు రోజున బయల్దేరాం. దొరవారిసత్రంలో కాజాల అక్క కూడా రైలెక్కింది. "మీ గొడవ నాకు పట్టదు. నేను సముద్రం చూసొస్తా" అంది. నెల్లూరులో దిగి మైపాడు బస్సెక్కాం. దారంతా నేను మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. సమావేశం ఒక షామియానా కింద. అది ముగిశాక మేత బస్తాల పక్కన టీ తాగుతూ, అదే గొంతుతో మాట్లాడుతూ అన్న కనిపించాడు. గొంతుని బట్టి నేను ఆరడుగుల మనిషిని, గుబురు మీసాల్ని ఊహించుకున్నాను. ఆయన నా భుజం దాకా ఉన్నాడు. చొక్కా వదులు, కాలరు తప్పు కుట్టు. (చాచా ముందు చూసింది ఆ కాలరునే.)

"అన్నా, ఆఖరి ప్రాణానికి నువ్వు తిరిగి రావాల" అన్నాను, కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆగు. ఆ వాయిస్ మెసేజ్ పెట్టింది నువ్వేనా?" అన్నాడు.

"నీకెట్లా తెలుసు?"

"నేను ప్రతి వారం వింటా గదా. ఆ పిల్ల ఎంత బాగా చేస్తా ఉంది!"

 ఇక నేను ఆగలేదు. "ఏం బాగా చేస్తోంది? ఆ నవ్వు ఒక నవ్వా? నీ కాలి గోటికి సరిపోతుందా?" అని అన్నతోనే అన్న తరపున పోట్లాటకి దిగాను. రైతులు గ్లాసులు పట్టుకుని మా చుట్టూ మూగారు. ఆయన నవ్వుతూ చేతులు జోడించాడు. "తల్లీ, నాకు ఆటలాడాలనిపించడం ఎప్పుడో మానేసింది. ఆడకుండానే ఆడినట్టు చెప్పుకుంటా వచ్చినా కొన్నాళ్లు. మీరెవరూ కనిపెట్టలా. నాకే సిగ్గేసింది. ఆ పిల్ల నిజంగా ఆడతాది, ఆడి చెప్తాది."

"ఆడకపోతే ఏం? నువ్వు చెబితే చాలు మాకు."

"నాకు చాలదమ్మా."

 అప్పటిదాకా ఆ కాలరు కేసే చూస్తున్న చాచా ముందుకొచ్చాడు. "తమ్ముడూ, ఒక్క మాట. ఆ కోటలో ఇరుక్కున్నోడు, వాడు బయటపడినాడా?"

"నేను ఆ ఆట అక్కడే ఆపేసినా భాయ్. మొత్తం ఆ పిల్ల చెప్పేసిందే! మీరు వినలేదా?"

చాచా మెల్లగా నా వైపు తిరిగాడు. ఆ చూపు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. నెలల తరబడి ఆయన రొయ్యల మేత గురించి విన్నాడు. కోటలో వాడి సంగతేమో అక్క చెవుల్లో, ఆయనకి మూరెడు దూరంలో, ఎప్పుడో తేలిపోయింది. తిరుగు బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు. తడిసిన చీర కుచ్చిళ్లు పిండుకుంటున్న అక్క పక్కన కూర్చుని, ఒక ఇయర్‌ఫోన్ అడిగి తీసుకున్నాడు.

ఆ శనివారం నుంచి మా స్పీకర్లో మళ్లీ ఆఖరి ప్రాణం మోగింది. షాపు ఆయనది, స్పీకరూ ఆయనదే. కానీ నా చెవులు నావి. పాడ్‌కాస్ట్ మొదలవగానే నేను కుట్టాల్సిన హెమ్మింగు పట్టుకుని బయట మెట్టు మీద కూర్చునేదాన్ని. ఎండాకాలం వచ్చింది. మా వైపు ఎండ సంగతి మీకు తెలిసే ఉంటుంది. లోపల ఫ్యాను తిరిగేది, నేను బయట మాడేదాన్ని. వచ్చేపోయేవాళ్లు "ఏమ్మా, చాచా తిట్టినాడా?" అని అడిగేవాళ్లు. "లేదండీ, హోస్ట్ మారింది" అనేదాన్ని. వాళ్లకి అర్థమయ్యేది కాదు. అర్థం కావాలని నేనూ అనుకోలేదు.

ఒక శనివారం లోపల ఆ పిల్ల ఏదో చెబుతోంది. ఆటలో కష్టపడి దొంగతనంగా గుర్రం ఒకటి సంపాదించిందంట, తీరా ఎక్కాక అది కదలదంట, చూస్తే అది బొమ్మ గుర్రమంట. నాకు తెలీకుండానే ఫక్కుమని నవ్వు వచ్చేసింది.

లోపల మెషిను ఆగింది. "ఎవరు నవ్వింది?" అన్నాడు చాచా.

"నేను కాదు."

"వినకుండానే నవ్వినావా?"

"ఎండకి వచ్చింది."

"ఎండకి చెమట వస్తది పాపా, నవ్వు రాదు. లోపలికి రా" అంది కాజాల అక్క.

నేను పోలేదు. కొంగు నెత్తిన కప్పుకుని, వీపు గుమ్మం వైపు తిప్పి, ఆ గంటా అయిపోయేదాకా అక్కడే కూర్చుని హెమ్మింగు పూర్తి చేశాను. ఇన్నేళ్ల తర్వాత, నా సొంత షాపులో ఫ్యాను కింద కూర్చున్నప్పుడు మెట్టు మీద మాడిన అప్పటి నేను, ఆ మొండి పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం గర్వంగా కూడా ఉంటుంది. అదిప్పుడు ఎదురుపడితే ఒక గ్లాసు చల్లటి మజ్జిగ ఇస్తాను. లోపలికి రమ్మని మాత్రం పిలవను. అది రాదు.